అమెరికా అధ్యక్ష ఎన్నికలో ఓటు వేయడం ఎలా: కొత్త పౌరులకు, ప్రైమరీ నుంచి జనవరి దాకా

అమెరికా పౌరసత్వం తీసుకున్న తెలుగువాళ్లలో చాలామంది అధ్యక్ష ఎన్నిక అంటే నవంబరు ఒక్కటే అనుకుంటారు. నవంబరు వచ్చేసరికి సగం ఎన్నిక అయిపోయి ఉంటుంది. మన దగ్గర టికెట్ ఎవరికివ్వాలో అధిష్ఠానం తేలుస్తుంది, బీ-ఫారం ఎవరి చేతికొస్తే వాళ్లే అభ్యర్థి. అమెరికాలో ఆ బీ-ఫారం ఇచ్చేది మామూలు ఓటరు. నవంబరుకు తొమ్మిది పది నెలల ముందు మొదలయ్యే ప్రైమరీల్లో ఆ పని జరుగుతుంది. వాటికి వచ్చే ఓటర్లు తక్కువ కాబట్టి అక్కడ ఒక్కో ఓటు బరువు ఎక్కువ. అందుకే ఇక్కడ ప్రైమరీకే ఎక్కువ చోటిచ్చాం.

ఇంకో సంగతి ముందే తెలుసుకోవాలి. దేశమంతటికీ ఒకే ఎన్నికల సంఘం అక్కడ లేదు. ఫెడరల్ ఎన్నికల కమిషన్ అని ఉంది గానీ అది చూసేది ప్రచారానికి సంబంధించిన డబ్బు లెక్కలే. ఓటరు జాబితా, బ్యాలెట్, గడువులు, లెక్కింపు అన్నీ రాష్ట్రాల చట్టాల ప్రకారం కౌంటీలూ స్థానిక కార్యాలయాలూ చూసుకుంటాయి. డల్లాస్‌లో ఉన్న అన్నయ్య చెప్పిన నిబంధన ఎడిసన్‌లో ఉన్న చెల్లెలికి పనికిరాదు. శాసనసభలు గడువులను తరచూ మారుస్తుంటాయి కూడా. కాబట్టి కింద చెప్పిన తేదీలను మీ స్థానిక ఎన్నికల కార్యాలయం వెబ్‌సైటులో సరిచూసుకున్నాకే నమ్మండి.

1. ముందు అర్హత తేల్చుకోండి

అధ్యక్ష ఎన్నికలో ఓటు పౌరులకే. గ్రీన్ కార్డు ఉన్నా, హెచ్-1బి మీద ఏళ్ల తరబడి పన్నులు కడుతున్నా ఓటు లేదు. ఈ మాట అందరికీ తెలుసు, అసలు దెబ్బ తగిలేది వేరే చోట. డ్రైవింగ్ లైసెన్సు ఫారంలో ‘ఓటరుగా కూడా నమోదవుతారా?’ అనే ప్రశ్న ఉంటుంది. 1993 నాటి చట్టం వల్ల చాలా రాష్ట్రాల్లో ఇది లైసెన్సు దరఖాస్తులోనే భాగం. కౌంటరులో ఉన్నవాళ్లు అడిగారు కదా అని గ్రీన్ కార్డుతో అక్కడ టిక్కు పెట్టి సంతకం చేస్తే, పౌరులమని అబద్ధం చెప్పినట్టు లెక్క. ఓటు వేయకపోయినా సరే, రేపటి పౌరసత్వ దరఖాస్తు దెబ్బతినొచ్చు, దేశం నుంచి పంపేయనూ వచ్చు. తెలియక చేశామంటే గట్టెక్కడం కష్టం. ఇంట్లో అమ్మానాన్నలకు కొత్తగా గ్రీన్ కార్డు వచ్చి ఉంటే, లైసెన్సు ఆఫీసుకు పంపే ముందే ఈ మాట చెప్పండి. ఇప్పటికే పొరపాటు జరిగిపోయి ఉంటే ఎట్టి పరిస్థితుల్లోనూ ఓటు వేయకండి. పేరు తీయించుకునే ముందు ఇమిగ్రేషన్ లాయరును కలవండి.

విరాళాలకు ఇంకో గీత ఉంది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు అభ్యర్థులకు డబ్బు ఇవ్వొచ్చు. గ్రీన్ కార్డు లేకుండా హెచ్-1బి, ఎల్-1, ఎఫ్-1 వీసాల మీద ఉన్నవాళ్లు ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదు, జీతం తీసుకోకుండా వాలంటీరుగా మాత్రం పనిచేయొచ్చు. పరిమితి రెండేళ్లకోసారి ద్రవ్యోల్బణాన్ని బట్టి మారుతుంది. 2025-26లో ఒక అభ్యర్థికి ఒక్కో ఎన్నికకు 3,500 డాలర్లు. ప్రైమరీ, నవంబరు వేర్వేరు ఎన్నికలుగా లెక్క. మొత్తం 200 డాలర్లు దాటితే మీ పేరు, వృత్తి, కంపెనీ పేరు బయటికి కనబడే రికార్డులోకి ఎక్కుతాయి. ‘మీ పేరుతో ఇవ్వండి, తర్వాత మేం మీకు సర్దుతాం’ అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఇంకొకరి డబ్బును మీ పేరు మీద ఇవ్వడం నేరం.

2. ప్రమాణం చేసిన వారంలోనే మూడు ఆఫీసుల పని

పౌరసత్వ సర్టిఫికెట్ చేతికి రాగానే సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకు వెళ్లి మీ హోదా మార్పించండి. తర్వాత లైసెన్సు ఆఫీసుకు వెళ్లి అక్కడి రికార్డు కూడా మార్పించండి. ఆ తర్వాతే ఓటరు నమోదు. ప్రమాణం జరిగిన హాల్లోనే నమోదు ఫారాలు ఇస్తే అక్కడే నింపేయొచ్చు, అయినా మొదటి రెండు పనులు వదలకండి. ఎందుకంటే ఓటరు జాబితాలో పౌరులు కానివాళ్లను వెతికేటప్పుడు రాష్ట్రాలు పాత లైసెన్సు రికార్డులనే తిరగేస్తాయి. 2019లో టెక్సస్ ఇలాగే దాదాపు 95,000 పేర్లను అనుమానితుల జాబితాలో పెట్టింది. అందులో చాలామంది లైసెన్సు తీసుకున్న తర్వాత పౌరులైనవాళ్లేనని తేలి, ఆ జాబితాను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

పేరు విషయంలో మనవాళ్లకు ప్రత్యేకంగా చిక్కులొస్తాయి. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, లైసెన్సులో పొడి అక్షరంగా, ఇంకోచోట ‘వెంకట’ అన్నది మధ్య పేరుగా, మరోచోట మొదటి పేరులో కలిసిపోయి ఉంటుంది. నమోదు ఫారంలో ఇచ్చే లైసెన్సు నంబరును గానీ, సోషల్ సెక్యూరిటీ నంబరు చివరి నాలుగు అంకెలను గానీ ప్రభుత్వ రికార్డులతో పోల్చి చూస్తారు. అక్షరం తేడా ఉన్నా కొన్ని రాష్ట్రాల్లో దరఖాస్తు ఆగుతుంది. పౌరసత్వ సర్టిఫికెట్ మీద ఎలా ఉందో అన్నిచోట్లా అలాగే, ఖాళీలతో సహా రాయండి.

సంతకం కూడా అంతే. అరిజోనా, నెవాడా, కాలిఫోర్నియా వంటి రాష్ట్రాల్లో పోస్టల్ బ్యాలెట్ కవరు మీది సంతకాన్ని రికార్డులో ఉన్నదానితో పోలుస్తారు. లైసెన్సు మీద ఇంగ్లిషులో పెట్టి, కవరు మీద అలవాటు కొద్దీ తెలుగులో పెడితే పక్కన పెట్టేస్తారు. తెలుగు సంతకం తప్పేమీ కాదు, అన్నిచోట్లా అదే ఉండాలి, అంతే.

నమోదు గడువు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఫెడరల్ చట్టం ప్రకారం పోలింగ్‌కు 30 రోజుల కంటే ముందుకు ఆ గడువు పెట్టకూడదు. టెక్సస్ సరిగ్గా 30 రోజులు పెట్టింది, ఫ్లోరిడా 29, న్యూజెర్సీ 21, పెన్సిల్వేనియా 15. టెక్సస్‌లో కొత్త నమోదు మామూలుగా ఆన్‌లైన్‌లో కుదరదు. ఫారం ప్రింటు తీసి, పెన్నుతో సంతకం చేసి పంపాలి. ఆన్‌లైన్‌లో ఫారం నింపగానే నమోదు అయిపోయిందనుకుని అక్కడితో వదిలేసేవాళ్లు ఉన్నారు. ఆ రాష్ట్రంలో ప్రైమరీ మార్చి తొలి మంగళవారం. అంటే 2028లో మీ గడువు ఫిబ్రవరి తొలి వారంలోనే ముగుస్తుంది.

3. పార్టీ గడిని ఆలోచించి నింపండి

నమోదు ఫారంలో చాలా రాష్ట్రాలు మీ పార్టీ ఏదని అడుగుతాయి. మనకిది కొత్త. ఇది సభ్యత్వం కాదు, రుసుము లేదు, నవంబరులో ఆ పార్టీకే వేయాలన్న కట్టుబాటు లేదు. కానీ ప్రైమరీలో మీ చేతికి ఏ బ్యాలెట్ వస్తుందో, అసలు వస్తుందో రాదో తేల్చేది ఈ గడే.

టెక్సస్, జార్జియా, వర్జీనియా, మిషిగన్, ఇల్లినాయ్ రాష్ట్రాల్లో పార్టీ నమోదే లేదు. ప్రైమరీ రోజు వెళ్లి ఏదో ఒక పార్టీ బ్యాలెట్ అడిగి తీసుకోవచ్చు, రెండూ మాత్రం కుదరవు. న్యూయార్క్, పెన్సిల్వేనియా, ఫ్లోరిడా దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ ఏ పార్టీలో నమోదైతే ఆ పార్టీ ప్రైమరీయే. ‘ఎందుకొచ్చిన గొడవ’ అని ఏ పార్టీ వద్దన్నవాళ్లకు అధ్యక్ష ప్రైమరీలో ఓటు ఉండదు. న్యూజెర్సీ మధ్యరకం: ఏ పార్టీ లేనివాళ్లు ఆ రోజే ఒక పార్టీని ఎంచుకోవచ్చు, కానీ ఒక పార్టీ నుంచి ఇంకో పార్టీకి మారాలంటే 55 రోజుల ముందే కాగితం ఇవ్వాలి. కాలిఫోర్నియాలో ఏ పార్టీ లేనివాళ్లకు డెమొక్రాటిక్ పార్టీ తన అధ్యక్ష ప్రైమరీ బ్యాలెట్‌ను అడిగితే ఇస్తూ వచ్చింది, రిపబ్లికన్ పార్టీ ఇవ్వలేదు. అక్కడే ‘అమెరికన్ ఇండిపెండెంట్ పార్టీ’ అని ఒక చిన్న పార్టీ ఉంది. స్వతంత్రంగా ఉందామనుకుని ఆ పేరు చూసి టిక్కు పెట్టి, తెలియకుండానే ఆ పార్టీలో చేరిపోయినవాళ్లు చాలామంది. ఏ పార్టీ వద్దనుకుంటే ‘నో పార్టీ ప్రిఫరెన్స్’ అన్న గడి వెతకండి.

పార్టీ మారే గడువు నమోదు గడువు కంటే చాలా ముందే ముగిసిపోవచ్చు. 2016లో న్యూయార్క్ ప్రైమరీ ఏప్రిల్ 19న జరిగింది, పార్టీ మార్చుకునే గడువు అంతకుముందు ఏడాది అక్టోబరు 9నే అయిపోయింది. ట్రంప్ సొంత పిల్లలు ఇవాంకా, ఎరిక్ ఆ గడువు దాటిపోవడంతో తండ్రికి ఓటు వేయలేకపోయారు. ఇప్పుడు న్యూయార్క్‌లో ఆ గడువు ఫిబ్రవరి 14. మొదటిసారి నమోదయ్యే కొత్త పౌరులకు ఇది వర్తించదు, మామూలు నమోదు గడువు చాలు. అందుకే మొదటిసారే గడి సరిగ్గా నింపడం మంచిది.

అక్కడే పుట్టిన పిల్లలున్నవాళ్లకు ఒక మాట. నవంబరు పోలింగ్ నాటికి 18 నిండుతాయంటే, 17 ఏళ్లకే ప్రైమరీలో ఓటు వేయనిచ్చే రాష్ట్రాలు ఉన్నాయి. వర్జీనియా, మేరీలాండ్, ఒహాయో, ఇల్లినాయ్, ఉత్తర కరోలినా వాటిలో కొన్ని.

4. మీ ఓటు టికెట్‌గా ఎలా మారుతుందో లెక్క వేసుకోండి

అభ్యర్థికి రాజ్యాంగం పెట్టిన షరతులు మూడే: పుట్టుకతో పౌరసత్వం, 35 ఏళ్ల వయసు, దేశంలో 14 ఏళ్ల నివాసం. వసూలు గానీ ఖర్చు గానీ 5,000 డాలర్లు దాటిన 15 రోజుల్లో ఫెడరల్ కమిషన్ దగ్గర నమోదు కావాలి. అక్కడి నుంచి అసలు పరీక్ష. ప్రతి రాష్ట్రంలోనూ బ్యాలెట్ మీదికి విడివిడిగా ఎక్కాలి. న్యూహాంప్‌షైర్‌లో 1,000 డాలర్ల రుసుము కడితే చాలు. వర్జీనియా 2012లో 10,000 మంది ఓటర్ల సంతకాలు అడిగింది, అందులో 11 కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) నియోజకవర్గాల్లో ఒక్కోదాని నుంచి కనీసం 400 ఉండాలి. అదే రాష్ట్రంలో కాపురముంటున్న రిపబ్లికన్ అభ్యర్థి న్యూట్ గింగ్రిచ్ ఆ సంతకాలు తేలేక బ్యాలెట్ ఎక్కలేకపోయారు. రిపబ్లికన్ ఓటర్లకు రెండే పేర్లు మిగిలాయి. మీ అభిమాన నాయకుడి పేరు మీ బ్యాలెట్ మీద కనబడకపోతే కారణం ఇలాంటిదే అయ్యుంటుంది.

ప్రైమరీలో మీ ఓటు నేరుగా దేశం మొత్తం లెక్కలో కలవదు. అది మీ రాష్ట్రం నుంచి పార్టీ మహాసభకు వెళ్లే ప్రతినిధులను పంచడానికి పనికొస్తుంది. వాళ్లనే డెలిగేట్లు అంటారు. వాళ్లలో సగం కంటే ఎక్కువమంది ఎవరి పక్షాన ఉంటే టికెట్ వాళ్లదే. 2024లో రిపబ్లికన్లకు మొత్తం 2,429 మంది డెలిగేట్లు, గెలవడానికి 1,215 కావాలి.

డెమొక్రాట్లు దామాషా పద్ధతిలో పంచుతారు, 15 శాతం రానివాళ్లకు మాత్రం ఏమీ ఇవ్వరు. ఇది రాష్ట్రం మొత్తానికీ, నియోజకవర్గానికీ వేర్వేరుగా వర్తిస్తుంది. ఒక నియోజకవర్గానికి ఆరుగురు డెలిగేట్లు ఉన్నారనుకోండి. నలుగురు అభ్యర్థులకు వరసగా 48, 30, 14, 8 శాతం వచ్చాయి. చివరి ఇద్దరూ గీత దాటలేదు కాబట్టి వాళ్లను తీసేస్తారు. మిగిలిన 78లో మొదటివారి వాటా ఆరుకు 3.69, రెండోవారిది 2.31. పూర్ణాంకాలు పంచాక మిగిలిన ఒక్కటీ పెద్ద భిన్నం ఉన్నవారికి వెళుతుంది. ఫలితం 4, 2. ఇప్పుడు మూడో అభ్యర్థికి నాలుగో వారి నుంచి ఒక్క శాతం జరిగి 15 అయిందనుకోండి. మొత్తం 93లో వాటాలు 3.10, 1.94, 0.97. ఫలితం 3, 2, 1. మొదటివారి ఓట్లు ఒక్కటీ తగ్గలేదు, డెలిగేటు మాత్రం పోయాడు. పోలింగ్ తక్కువగా ఉండే నియోజకవర్గంలో ఆ ఒక్క శాతం అంటే కొన్ని వందల ఓట్లే. ఒక కాలనీ వాళ్లు కలిసి వెళితే ఫలితం మారే ఎన్నిక ఇది.

రిపబ్లికన్ల నిబంధన వేరు. మార్చి 15కు ముందు జరిగే ప్రైమరీల్లో ఏదో ఒక రూపంలో దామాషా ఉండాలి, సగానికి మించి ఓట్లు వస్తే మాత్రం అన్నీ ఒకరికే ఇచ్చేయొచ్చు. ఆ తేదీ తర్వాత గెలిచినవారికి మొత్తం ఇచ్చేసే వెసులుబాటు రాష్ట్రాలకు ఉంది. 2024లో కాలిఫోర్నియాలో సగం ఓట్లు దాటినవారికి 169 మంది డెలిగేట్లూ వెళ్లాలన్న నిబంధన పెట్టారు, అలాగే ట్రంప్‌కు వెళ్లారు.

5. ప్రైమరీలో తొందరపడకండి, ఆలస్యం చేయకండి

ప్రైమరీల తేదీల పట్టిక ప్రతి ఎన్నికకూ మారుతుంది. 2024లో రిపబ్లికన్లు జనవరి 15న అయోవాతో మొదలుపెట్టారు. డెమొక్రాట్ల అధికారిక వరసలో మొదటిది ఫిబ్రవరి 3న దక్షిణ కరోలినా. మార్చి 5న ‘సూపర్ ట్యూజ్‌డే’, ఒకేరోజు చాలా రాష్ట్రాలు. మార్చి 12కే రెండు పార్టీల్లోనూ లెక్క తేలిపోయింది. న్యూజెర్సీ ప్రైమరీ జూన్ 4న. అక్కడివాళ్లకు ఆ ఏడాది టికెట్ విషయంలో చెప్పడానికి ఏమీ మిగల్లేదు. అయినా అదే బ్యాలెట్‌లో కాంగ్రెస్, కౌంటీ పదవుల టికెట్లు ఉంటాయి కాబట్టి వెళ్లాలి.

కొన్నిచోట్ల ప్రైమరీ కాకుండా కాకస్, అంటే ఓటర్లతో పార్టీ పెట్టే సమావేశం ఉంటుంది. ఓటు వేసి అయిదు నిమిషాల్లో వచ్చేయడం కుదరదు. చెప్పిన సమయానికి హాల్లో ఉండాలి, ఆలస్యమైతే తలుపు వేసేస్తారు. దీన్ని నడిపేది ప్రభుత్వం కాదు, పార్టీ. 2012లో అయోవా రిపబ్లికన్ కాకస్‌లో రామ్నీ 8 ఓట్లతో గెలిచారని ఆ రాత్రి ప్రకటించి, రెండు వారాల తర్వాత శాంటోరమ్ 34 ఓట్లు ముందున్నారని సరిదిద్దారు.

నెవాడాలో 2024లో ఇంకా విచిత్రం జరిగింది. రాష్ట్ర ప్రభుత్వం ప్రైమరీ పెట్టింది, రిపబ్లికన్ పార్టీ రెండు రోజుల తర్వాత సొంతంగా కాకస్ పెట్టింది. డెలిగేట్లను కాకస్ ఫలితాన్ని బట్టే ఇస్తామంది. ప్రైమరీలో నిక్కీ హేలీ మీద గెలిచింది, మన నోటా లాంటి ‘వీరిలో ఎవరూ కాదు’ అన్న గడి. ఆ ప్రైమరీ ఓట్లతో ఒక్క డెలిగేటు కూడా రాలేదు. మీ రాష్ట్రంలో డెలిగేట్లు దేనివల్ల వస్తారో పార్టీ రాష్ట్ర శాఖ సైటులో ముందే చూసుకోండి.

పోస్టల్ బ్యాలెట్ ముందే వస్తుంది, వెంటనే నింపి పంపేయాలనిపిస్తుంది. ప్రైమరీలో అలా చేయకండి. 2020లో మార్చి 3న సూపర్ ట్యూజ్‌డే అయితే, డెమొక్రాట్ అభ్యర్థులు బూటిజెజ్ మార్చి 1న, క్లోబుచార్ 2న తప్పుకున్నారు. అప్పటికే వాళ్లకు పోస్టులో పడిన ఓట్లు వృథా అయ్యాయి. ఒకసారి వేసిన ఓటు మార్చుకోనివ్వడం అరుదు. పోటీలో నలుగురైదుగురు ఉన్నంతకాలం చివరి మూడు నాలుగు రోజుల దాకా ఆగి, పోస్టులో వేయకుండా డ్రాప్ బాక్సులోనో కేంద్రంలోనో ఇవ్వండి. నవంబరులో దీనికి సరిగ్గా తిరగేసి చేయాలి: అభ్యర్థులు ఖాయమై ఉంటారు, ఎంత ముందు పంపితే అంత మేలు.

6. మహాసభ: ఎక్కువసార్లు లాంఛనమే

వేసవిలో నాలుగు రోజుల మహాసభలో డెలిగేట్లు రాష్ట్రాలవారీగా ఓటు చెబుతారు. మొదటి విడతలోనే మెజారిటీ రాక మళ్లీ మళ్లీ ఓటు వేయాల్సి రావడం 1952 డెమొక్రాటిక్ సభ తర్వాత జరగలేదు. 1968లో ఒక్క ప్రైమరీలోనూ పోటీ చేయని అప్పటి ఉపాధ్యక్షుడు హంఫ్రీకి షికాగోలో పార్టీ పెద్దలు టికెట్ ఇచ్చారు. బయట వీధుల్లో నిరసనకారుల మీద లాఠీలు విరిగాయి. ఇవాళ్టి ప్రైమరీల వ్యవస్థ ఆ గొడవ తర్వాత తెచ్చిన సంస్కరణల్లోంచి వచ్చిందే. డెమొక్రాట్లలో ‘సూపర్ డెలిగేట్లు’ అనే పార్టీ ప్రముఖులున్నారు. 2018లో మార్చిన నిబంధన ప్రకారం, పోటీ ఉన్నప్పుడు మొదటి విడతలో వాళ్లు ఓటు వేయలేరు.

లాంఛనం కాని సంవత్సరమూ వస్తుంది. 2024 జులై 21న బైడెన్ తప్పుకున్నప్పుడు ప్రైమరీలు మళ్లీ పెట్టలేదు. ఆయన పక్షాన ఎన్నికైన డెలిగేట్లే హారిస్‌ను ఎంచుకున్నారు. అదీ మహాసభకు ముందే ఆన్‌లైన్‌లో. పార్టీలు తమ అభ్యర్థి పేరును ప్రతి రాష్ట్రానికీ గడువులోగా అందించాలి. ఒహాయో చట్టంలో ఆ గడువు పోలింగ్‌కు 90 రోజుల ముందు, అంటే ఆ ఏడాది ఆగస్టు 7. మహాసభ మొదలయ్యేదేమో 19న. ఒహాయో శాసనసభ ఆ ఏడాదికి గడువు సడలించినా పార్టీ ముందే ఓటింగ్ ముగించుకుంది.

ఉపాధ్యక్ష అభ్యర్థిని ప్రైమరీలో ఎన్నుకోరు. అధ్యక్ష అభ్యర్థి చెప్పిన పేరును సభ ఆమోదిస్తుంది. 2024లో మిల్వాకీలో వాన్స్ పేరు అలా వచ్చినప్పుడే ఆయన భార్య ఉష చిలుకూరి గురించి తెలుగు పత్రికలన్నీ రాశాయి.

డెలిగేటుగా మీరే వెళ్లొచ్చు. టెక్సస్ వంటి రాష్ట్రాల్లో ప్రైమరీ తర్వాత స్థానిక, జిల్లా, రాష్ట్ర సభలు వరసగా జరుగుతాయి, కిందిస్థాయి సభలకు వచ్చేవాళ్లు కొద్దిమందే. డెమొక్రాట్లలో మీ పేరును మీరు బలపరిచే అభ్యర్థి ప్రచార బృందం కూడా ఒప్పుకోవాలి. ప్రయాణం, హోటలు ఖర్చు సాధారణంగా మీదే.

7. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉంటున్న అమెరికా పౌరులు

తిరిగొచ్చేసినవాళ్లకూ ఓటు ఉంది. అమెరికాలో చివరగా నివసించిన చిరునామా ఉన్న రాష్ట్రంలో అది లెక్కకొస్తుంది. ఎఫ్‌పీసీఏ అనే ఫారం ఒకటే నమోదుకూ, బ్యాలెట్ అడగడానికీ సరిపోతుంది. దాన్ని ప్రతి ఏడాదీ జనవరిలో కొత్తగా పంపండి, పోయినసారి పంపాం కదా అని ఊరుకోకండి. ఎన్నికకు 45 రోజుల ముందు బ్యాలెట్ పంపాలని ఫెడరల్ చట్టం. ఈమెయిలులో తెప్పించుకునే అవకాశం ఉంది, అదే ఎంచుకోండి. తిరిగి పంపడం రాష్ట్రాన్ని బట్టి ఈమెయిలు, ఫ్యాక్సు, పోస్టు. పోస్టు తప్పదంటే నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్ ద్వారా పంపే వీలుంది, ముందుగా ఫోన్ చేసి రోజు, సమయం కనుక్కోండి. బ్యాలెట్ రాకపోతే ఎఫ్‌డబ్ల్యూఏబీ అనే అత్యవసర బ్యాలెట్ డౌన్‌లోడ్ చేసి, అభ్యర్థి పేరు చేత్తో రాసి పంపొచ్చు.

8. నవంబరు: ఓటు చెల్లకుండా పోయే చోట్లు

పోలింగ్ నవంబరు మొదటి సోమవారం తర్వాత వచ్చే మంగళవారం, 2028లో నవంబరు 7న. ఆ రోజు దేశవ్యాప్త సెలవు కాదు. టెక్సస్, జార్జియా వంటి చోట్ల చాలా రోజులు ముందస్తు ఓటింగ్ ఉంటుంది, శనివారం వెళ్లిరండి. టెక్సస్‌లో పోస్టల్ బ్యాలెట్ అడిగినవారికల్లా ఇవ్వరు: 65 ఏళ్లు నిండాలి, లేదా అనారోగ్యం, కౌంటీలో లేకపోవడం వంటి కారణం ఉండాలి. ఆ రాష్ట్రంలో ఫోటో గుర్తింపు తప్పనిసరి. లైసెన్సు, పాస్‌పోర్టు లేకపోతే ఫోటో ఉన్న పౌరసత్వ సర్టిఫికెట్ కూడా చెల్లుతుంది.

పోస్టల్ ఓట్లలో తప్పులన్నీ కవరు దగ్గరే. పెన్సిల్వేనియాలో బ్యాలెట్‌ను ముందు లోపలి రహస్య కవరులో పెట్టి, దాన్ని బయటి కవరులో పెట్టాలి. లోపలి కవరు మరచిపోతే ఓటు చెల్లదు. బయటి కవరు మీద సంతకం పక్కన తేదీ కూడా రాయండి, దాని మీద ఏళ్ల తరబడి కోర్టు కేసులు నడిచాయి. పుట్టిన తేదీ కాదు, సంతకం చేసిన రోజు తేదీ. ఉత్తర కరోలినాలో ఇద్దరు సాక్షులు, విస్కాన్సిన్‌లో ఒకరు సంతకం చేయాలి. పోస్టు ముద్ర తేదీని నమ్ముకోకండి, పోలింగ్ నాటికి బ్యాలెట్ చేరేలా పంపి, ట్రాకింగ్ సైటులో ‘అందింది’ అని కనబడేదాకా చూడండి.

కేంద్రానికి వెళ్లాక జాబితాలో పేరు లేదంటే వెనక్కి తిరిగి రాకండి. ప్రొవిజనల్ బ్యాలెట్ (అర్హత తేలాకే లెక్కించే తాత్కాలిక ఓటు) ఇవ్వమని అడగండి. 2002 చట్టం ప్రకారం అది మీ హక్కు. వాళ్లిచ్చే రసీదు దాచుకుని, చెప్పిన రోజుల్లోగా కావాల్సిన కాగితం చూపించండి.

కొత్తగా పౌరులైన పెద్దవాళ్లకు ఇంగ్లిషు చదవడం రాకపోతే, తమకు నచ్చినవాళ్లను లోపలికి తోడు తీసుకెళ్లే హక్కు ఫెడరల్ చట్టం ఇచ్చింది. కొడుకైనా కోడలైనా పరవాలేదు. పనిచేసే చోట యజమాని, ఆయన మనిషి, యూనియన్ నాయకుడు మాత్రం కూడదు. తోడు వెళ్లినవాళ్లు చదివి చెప్పాలి, చెప్పిన చోటే గుర్తు పెట్టాలి. టెక్సస్‌లో తోడు వచ్చినవాళ్ల చేత ఫారం నింపిస్తారు, పది నిమిషాలు ఎక్కువ పెట్టుకోండి.

లోపల సెల్ఫీ వద్దు. టెక్సస్‌లో కేంద్రానికి 100 అడుగుల లోపల ఫోన్ వాడకూడదు, అభ్యర్థి పేరున్న టోపీ, టీషర్టు కూడా కుదరవు. జార్జియాలో బ్యాలెట్ ఫోటో తీయడం చట్టవిరుద్ధం.

బ్యాలెట్ పొడవు చూసి కంగారు పడకండి. అధ్యక్షుడితో పాటు సెనేటరు, ప్రతినిధి, జడ్జీలు, స్కూలు బోర్డు, పన్నుల మీద ప్రశ్నలు, అన్నీ ఒకే కాగితం మీద. నమూనా బ్యాలెట్ కౌంటీ సైటులో ముందే దొరుకుతుంది. ఇంట్లో నింపుకుని, ప్రింటు వెంట తీసుకెళ్లండి. తెలియని పదవిని వదిలేసినా మిగతా ఓట్లు చెల్లుతాయి.

9. ఆ రాత్రి లెక్కను ఇలా చదవండి

మీ ఓటు మీ రాష్ట్రం గట్టు దాటదు. మీరు నిజానికి ఎన్నుకునేది మీ రాష్ట్రం తరఫున అధ్యక్షుడికి ఓటు వేసే ఎలక్టర్లను. ప్రతినిధుల సభ సీట్ల లెక్కన 435, సెనేటు సీట్ల లెక్కన 100, రాజధాని వాషింగ్టన్‌కు 3, మొత్తం 538 మంది ఎలక్టర్లు. గెలవడానికి 270. 2028లో కాలిఫోర్నియాకు 54, టెక్సస్‌కు 40, ఫ్లోరిడాకు 30, పెన్సిల్వేనియాకు 19, జార్జియాకు 16, మిషిగన్‌కు 15, న్యూజెర్సీకి 14, వయోమింగ్‌కు 3. ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా రాష్ట్రం మొత్తం ఒకరికే. మెయిన్, నెబ్రాస్కా మాత్రం రెండేసి ఓట్లు రాష్ట్ర విజేతకు, మిగతావి నియోజకవర్గానికి ఒకటి చొప్పున ఇస్తాయి.

అందుకే దేశం మొత్తం మీద ఎక్కువ ఓట్లు వచ్చినవారు ఓడిపోవడం 1824, 1876, 1888, 2000, 2016లలో జరిగింది. 2000లో ఫ్లోరిడా తేడా 537. 2020లో జార్జియా తేడా 11,779, అరిజోనాలో 10,457. జార్జియాలోని జాన్స్ క్రీక్, కమ్మింగ్, అల్ఫారెటాల్లో తెలుగు కుటుంబాలు ఎన్ని ఉన్నాయో అక్కడివాళ్లకు తెలుసు. ఆ అంకెను పక్కన పెట్టుకుని చూడండి.

టీవీలు ఆ రాత్రి చెప్పేది అంచనా, అధికారిక ఫలితం కాదు. పెన్సిల్వేనియాలో పోస్టల్ కవర్లను పోలింగ్ రోజు ఉదయం 7 గంటలకు ముందు విప్పడానికి చట్టం ఒప్పుకోదు. కాబట్టి అక్కడ ఆధిక్యం అర్ధరాత్రి తర్వాత అటూ ఇటూ మారడం మామూలే, అందులో మోసం వెతకనక్కర్లేదు.

10. డిసెంబరు, జనవరి

రాష్ట్రాలు ఫలితాన్ని ధ్రువీకరించాక ఎలక్టర్లు తమ రాష్ట్రంలోనే సమావేశమై ఓటు వేస్తారు. 2028లో ఆ రోజు డిసెంబరు 19. అంతకు ఆరు రోజుల ముందే రాష్ట్రం తమ ఎలక్టర్ల పేర్లు ఖాయం చేసి పంపాలి. 2016లో ఏడుగురు ఎలక్టర్లు మాట తప్పి వేరేవాళ్లకు వేశారు. అలాంటివాళ్లను రాష్ట్రాలు శిక్షించవచ్చని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది.

జనవరి 6న కాంగ్రెస్ ఉభయ సభలు కలిసి ఆ ఓట్లను లెక్కపెడతాయి. 2022లో తెచ్చిన చట్టం ప్రకారం ఉపాధ్యక్షుడి పాత్ర లాంఛనమే. అభ్యంతరం చర్చకు రావాలంటే ప్రతి సభలోనూ అయిదో వంతు సభ్యులు సంతకం పెట్టాలి, ఇదివరకు సభకొకరు చాలేవారు. ఎవరికీ 270 రాకపోతే అధ్యక్షుడిని ప్రతినిధుల సభ ఎన్నుకుంటుంది, కానీ సభ్యుడికో ఓటు కాదు, రాష్ట్రానికో ఓటు. కాలిఫోర్నియాకూ ఒకటే, వయోమింగ్‌కూ ఒకటే, గెలవడానికి 26. ఉపాధ్యక్షుడిని సెనేటు ఎన్నుకుంటుంది. చివరిసారి అధ్యక్షుడిని ఇలా ఎన్నుకున్నది 1825లో. ఎలా తేలినా కొత్త అధ్యక్షుడి పదవీకాలం జనవరి 20 మధ్యాహ్నం 12 గంటలకు మొదలవుతుంది.